రవ్వ కొనే ముందు వాకిట్లోకి రండి

(చెన్నై త్యాగరాయనగర్‌లో ఒక ఆదివారం మధ్యాహ్నం తెలుగు కుటుంబాలు కలుసుకున్నప్పుడు చేసిన ప్రసంగం. మాట్లాడింది మాట్లాడినట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకి రండమ్మా, ఈ పక్కన కుర్చీలు ఖాళీగా ఉన్నాయి.

ముప్ఫై ఒక్కేళ్లు ఈ చెన్నపట్నంలో వజ్రాలు ఏరడం, వెల కట్టడం నా పని. షావుకారుపేటలో ఒక మేడ మీద గదిలో తెల్ల కాగితం పరుచుకుని మొదలుపెట్టాను. తర్వాత ఇక్కడే, ఈ పానగల్ పార్కు చుట్టుపక్కల దుకాణాల్లో పనిచేశాను. నేను ఈ పని చేస్తానని తెలిసిన ప్రతివాళ్లూ అడిగేది ఒకటే: "అక్కా, ఏ షాపుకి వెళ్లమంటారు?" ఆ ప్రశ్నకి ఇవాళ కూడా జవాబు చెప్పను. ఒకే షాపులో మంచి రాయీ ఉంటుంది, చెడ్డ రాయీ ఉంటుంది. రాయిని ఎలా చూడాలి, బిల్లుని ఎలా చదవాలి, ఈ రెండూ మీకు వస్తే షాపు పేరు నేను చెప్పక్కర్లేదు.

మా నెల్లూరు వైపు పెద్దవాళ్లు వజ్రాల కమ్మలు అనరు. రవ్వల కమ్మలంటారు. రవ్వల దుద్దులు, రవ్వల గాజులు, రవ్వ ముక్కుపుడక. నిప్పురవ్వలో ఉన్న రవ్వే అది. ఆ పేరు పెట్టినవాళ్లు రాయి బరువు చూసి పెట్టి ఉండరని నాకనిపిస్తుంది. చీకటి వంటింట్లో పొయ్యి ముందు కూర్చున్న మనిషి తల తిప్పితే చెవి దగ్గర ఎగిరిన వెలుగు చూసి పెట్టి ఉంటారు. ఇవాళ మనం దుకాణానికి వెళ్లి మొట్టమొదట అడిగేది ఎన్ని సెంట్లు అని, అంటే బరువెంత అని. క్యారట్‌లో నూరో వంతు సెంటు. రెండోది ఏ కలరు, ఏ క్లారిటీ అని. వెలుగు సంగతి అడిగేవాళ్లు నాకు వందలో ఇద్దరు ముగ్గురు కూడా తగల్లేదు. నేను చెప్పదల్చుకున్నది ఆ వెలుగు గురించే.

ముందు మా ఇంట్లో జరిగింది చెప్తాను. 1974లో మా నాన్న అమ్మకి ఏడురాళ్ల కమ్మలు కొన్నారు. చెవికి ఏడు చొప్పున 14 రాళ్లు. అప్పటి పద్ధతిలో వెనకవైపు బంగారంతో పూర్తిగా మూసేసిన కట్టడం. అమ్మ వాటిని పండక్కీ పెళ్లికీ పెట్టుకునేది, మా చదువుల కోసం రెండుసార్లు కుదువ కూడా పెట్టింది. 1998లో నేను ఈ పనిలో కాస్త నిలదొక్కుకున్నాక, వెనక తెరిచి ఉండేలా మళ్లీ కట్టిస్తానని తీసుకెళ్లాను. ఆచారి రాళ్లు విప్పి కాగితం మీద పోశాడు. ప్రతి రాయి కిందా తళుకు రేకు పెట్టి ఉంది. 14లో పది వజ్రాలు, నాలుగు తెల్ల పుష్యరాగాలు.

రేకు పెట్టి వెనక మూసేస్తే లోపలికి వెళ్లిన వెలుగంతా తిరిగి పైకే వస్తుంది. అప్పుడు వజ్రానికీ పుష్యరాగానికీ తేడా చెప్పడం రాయి చూడటం వచ్చినవాళ్లకి కూడా కష్టం. కుదువ పట్టుకున్న ఇద్దరూ కనిపెట్టలేదు. ఇరవై నాలుగేళ్లు ఎవరికీ తెలియలేదు. ఆ అమ్మిన దుకాణం ఎప్పుడో మూతబడింది. అడగడానికి మనిషి లేడు, చూపించడానికి చీటీ లేదు. ఇంటికెళ్లి చెబితే అమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మీ పెద్దమ్మవి కూడా అక్కడే కొన్నాం, వాటి సంగతి కూడా చూడు" అంది. పెద్దమ్మవి బాగానే ఉన్నాయి. ఆ రోజు నుంచి వెనక మూసిన కట్టడంలో ఉన్న రాయిని విప్పకుండా వెల కట్టమంటే నేను కట్టలేదు. కొత్తగా కొనేవాళ్లు వెనక తెరిచి ఉన్న నగే అడగండి. ఓపెన్ సెట్టింగ్ అంటే చాలు, ఎవరికైనా అర్థమవుతుంది.

ఇక వెలుగు సంగతి. వజ్రానికి ఆ మెరుపు భూమిలోంచి రాదు. ముడి వజ్రం చూస్తే పటికబెల్లం పలుకులా ఉంటుంది, దారిలో కనిపిస్తే వంగి తీసుకోరు. మెరుపు సానలోంచి వస్తుంది. దాన్నే ఇంగ్లీషులో కట్ అంటారు. చాలామంది కట్ అంటే ఆకారం అనుకుంటారు, గుండ్రంగా ఉందా, కోడిగుడ్డులా ఉందా అని. ఆకారం వేరు, సాన వేరు. పైనుంచి పడ్డ వెలుగు కిందివైపు చెక్కిన పట్టెల మీద రెండుసార్లు కొట్టుకుని మళ్లీ పైకి, మీ కంటికి రావాలి. కోణాలు సరిగ్గా ఉంటే వస్తుంది. కింది భాగం మరీ లోతైతే పక్కలనుంచి కారిపోతుంది, రాయి మధ్యలో నల్లగా కనిపిస్తుంది. మరీ పలచనైతే అడుగునుంచి పోతుంది, రాయి చేప కన్నులా వెలవెలబోతుంది. గుండ్రటి రాయికి ఈ కొలతల్ని లెక్కకట్టి 1919లో అచ్చువేసినవాడు మార్సెల్ టోల్కోవ్‌స్కీ. వజ్రాల వ్యాపారం చేసే ఇంట్లో పుట్టాడు, ఇంజనీరింగ్ చదివాడు.

సానకి ఎంత విలువుందో మన ఊరి కథ ఒకటి చెబుతుంది. ఇక్కడికి ఏడెనిమిది కిలోమీటర్ల దూరంలో సెయింట్ జార్జి కోట ఉంది కదా, ఇప్పుడు అసెంబ్లీ నడిచేది. 1701లో అక్కడ గవర్నరు థామస్ పిట్. జాంచంద్ అనే వర్తకుడు ఆయన దగ్గరికి ఒక పెద్ద ముడి వజ్రం పట్టుకొచ్చాడు. 410 క్యారట్లు. కృష్ణ ఒడ్డున మన కొల్లూరు గనిలో దొరికిందని చెప్తారు. జాంచంద్ మొదట అడిగింది 2 లక్షల వరహాలు. నెలల తరబడి బేరం సాగి 48 వేల వరహాలకి తెగింది. పిట్ దాన్ని లండన్ పంపాడు, రెండేళ్లు సాన పట్టారు. చివరికి మిగిలింది 140 క్యారట్లు. మూడింట రెండు వంతులు పొడీ పలుకులూ అయిపోయాయి. అయినా 1717లో ఫ్రాన్సు రాజప్రతినిధి దాన్ని కొన్నాడు, అందుకే రీజెంట్ వజ్రమన్నారు. ఇప్పుడు పారిస్‌లో లూవ్ర్ మ్యూజియంలో ఉంది. కోహినూర్‌ని కూడా 1852లో లండన్‌లో మళ్లీ సాన పట్టి 186 క్యారట్ల నుంచి 105కి దించారు. వెలుగు కోసం అంత బరువు వదులుకున్నారు.

(ఇంకో మాట. జార్జిటౌన్‌లో కోరల్ మర్చంట్ స్ట్రీట్ అని ఉంది, ఎప్పుడైనా ఆ వైపు వెళ్తే చూడండి. మధ్యధరా సముద్రపు పగడాలు ఓడల్లో తెచ్చి, వాటి బదులు మన గోల్కొండ రాజ్యపు వజ్రాలు తీసుకుపోయిన యూదు వర్తకులు ఉన్న వీధి అది. 1720ల్లో బ్రెజిల్‌లో గనులు బయటపడేదాకా ప్రపంచానికి వజ్రాలు ప్రధానంగా మన దేశం నుంచే, అందులో పేరున్నవి చాలావరకు మన కృష్ణా తీరం నుంచే వెళ్లాయి. ఇప్పటికీ తొలకరి పడగానే వజ్రకరూరు, తుగ్గలి, జొన్నగిరి చేలల్లో జనం తలొంచుకుని రాళ్లు వెతుకుతూ తిరుగుతారు. ఆ నేలవాళ్లం మనం. రాయి చూడటం మనకి రాకపోతే ఎలా?)

అప్పుడు వెలుగు కోసం బరువు వదులుకున్నారు కదా, ఇప్పటి వ్యాపారం దానికి తలకిందులుగా నడుస్తోంది. 96 సెంట్ల దగ్గర చక్కగా సాన పట్టగలిగిన ముడిరాయి ఉందనుకోండి. సాన పట్టేవాడు ఏం చేస్తాడంటే, కింద కాస్త లోతు, నడుము దగ్గర, అంటే రాయి చుట్టూ ఉండే అంచు దగ్గర, కాస్త మందం వదిలేసి సరిగ్గా 1 క్యారట్ తూగేలా చేస్తాడు. ఎందుకంటే 1 క్యారట్ అనగానే ధర ఒక్కసారిగా పైమెట్టు ఎక్కుతుంది. అర క్యారట్ దగ్గరా అంతే. మీరు ఆ మెట్టుకి డబ్బు కట్టి వెలుగు తక్కువ ఉన్న రాయి తెచ్చుకుంటారు. బాగా సాన పట్టిన గుండ్రటి 1 క్యారట్ రాయి అడ్డం కొలిస్తే ఇంచుమించు 6.5 మిల్లీమీటర్లు ఉండాలి. లోతు పెంచిన రాయి 6.1, 6.2 దగ్గర ఆగిపోతుంది. అంటే వేలి మీద అది 85 సెంట్ల రాయిలాగే కనిపిస్తుంది. సర్టిఫికెట్ మీద కొలత రాసే ఉంటుంది, చదవండి. లోతు శాతం, అంటే అడ్డం కొలతతో పోలిస్తే లోతు ఎంత అన్నది, 59 నుంచి 62న్నర లోపల ఉంటే మంచిది, 63 దాటితే ఆలోచించండి. గుండ్రటి రాయికి కట్ గ్రేడ్ ఎక్సలెంట్ అని ఉన్నదే తీసుకోండి. మిగతా దేంట్లో రాజీపడినా ఇక్కడ పడొద్దు.

92, 95 సెంట్ల రాయి దొరికితే కళ్లకద్దుకోండి. వెలుగులో తేడా లేదు, సైజులో తేడా కంటికి ఆనదు, ధరలో మాత్రం తెలుస్తుంది.

మరి రాజీపడేది ఎక్కడ? రంగులోనూ, క్లారిటీలోనూ.

రంగు డి అనే అక్షరంతో మొదలై జెడ్ దాకా పోతుంది. డి అంటే రంగే లేనిది, కిందికి పోయేకొద్దీ పసుపు ఛాయ. మన చెన్నైలో మొదట్నుంచీ ఈ-ఎఫ్ రంగు, వీవీఎస్ క్లారిటీ అని పట్టుబట్టడం అలవాటు. తెల్లటి ప్లాటినంలో ఒంటిరాయి ఉంగరం చేయించుకుంటే ఆ పట్టుదలకి అర్థముంది. కానీ మనం చేయించుకునేది పచ్చని బంగారంలో. బంగారం రంగు రాయిలోకి దిగుతుంది. జి, హెచ్ రాయి ఆ బంగారం మధ్య తెల్లగానే కనిపిస్తుంది. ఎఫ్‌కీ హెచ్‌కీ తేడా చెప్పాలంటే నేనైనా రాయిని బోర్లించి తెల్ల కాగితం మీద పెట్టి, పక్కన సరిపోల్చే రాయి పెట్టుకుని చూడాలి. కమ్మల్లో కట్టేశాక నేనూ చెప్పలేను.

క్లారిటీ అంటే లోపలి మచ్చలు, పొరలు, సన్నటి పగుళ్లు. వీవీఎస్‌లో ఉన్నవి పదింతలు పెంచి చూపే లూప్ పెట్టినా దొరకడం కష్టం. వీఎస్‌లో ఉన్నవి లూప్‌తో కనబడతాయి, ఉత్త కంటికి కనబడవు. మీ ఎదురుగా నిలబడి మీ కమ్మలు చూసే తోటికోడలు కంట్లో లూప్ పెట్టుకోదు కదా. అందుకని వీఎస్ తీసుకుని మిగిలిన డబ్బు సాన మీద పెట్టండంటాను. దాని కింది మెట్టు ఎస్ఐ అయితే ఒక్కో రాయీ చూసి తీసుకోవాలి, మచ్చ మధ్యలో నల్లగా ఉంటే వద్దు, అంచులో ఉండి, రాయిని పట్టుకునే బంగారు కాళ్ల కింద దాగిపోయేదైతే ఫర్వాలేదు. పగులు అంచుదాకా వచ్చి ఉంటే మాత్రం ఏ గ్రేడైనా వద్దు. వజ్రం గీతలు పడనంత గట్టిదేగానీ, పొర వెంబడి దెబ్బ తగిలితే చీలిపోతుంది.

మన పాతవాళ్లకి ఇవన్నీ తెలుసు. ఆరో శతాబ్దంలో వరాహమిహిరుడు బృహత్సంహితలో వజ్రపరీక్షకి ఒక అధ్యాయం పెట్టాడు. కాకిపాదం, ఈగ, వెంట్రుక లాంటి దోషాలున్న రాయి మంచిది కాదన్నాడు. ఇవాళ్టి సర్టిఫికెట్ మీద గీసే బొమ్మలో ఉండేవీ ఆ ఆకారాలే. 20 బియ్యపుగింజల తూకం రాయికి ఒక ధర చెప్పి, రెండేసి గింజలు తగ్గేకొద్దీ ధర ఎలా పడిపోతుందో కూడా లెక్క వేశాడు. బరువు సగమైతే ధర సగం కాదు, అంతకంటే చాలా కిందికి పోతుంది. ఈ సంగతి పట్టుకుంటే మీరొక పెద్ద మోసం తప్పించుకుంటారు.

అదేంటంటే, మొత్తం బరువు. ఏడురాళ్ల కమ్మలు చూపించి "ఒకటిన్నర క్యారట్ డైమండ్స్ మేడమ్" అంటారు. నిజమే, 14 రాళ్లు కలిపితే ఒకటిన్నర. ఒక్కోటి పదకొండు సెంట్లలోపు. ఆ రాళ్లకి క్యారట్ ధర ఒంటిరాయి క్యారట్ ధరలో ఎక్కడో అట్టడుగున ఉంటుంది. ఒంటిరాయి ధర మనసులో పెట్టుకుని "ఒకటిన్నర క్యారట్ ఈ ధరకేనా" అని మురిసిపోకండి. ఇంకో రకం కూడా ఉంది. సన్నరాళ్లు ఏడెనిమిది గుత్తిగా పేర్చి దూరానికి ఒకే పెద్దరాయిలా కనిపించేట్టు చేస్తారు. అందంగా ఉంటుంది, నాకూ ఇష్టమే. కానీ అడగాల్సింది రాళ్లు ఎన్ని, ఒక్కోటి ఎన్ని సెంట్లు, ఆ సైజుకి క్యారట్ ధర ఎంత అని. ఈ మూడూ కాగితం మీద రాయించుకోండి. రాయనన్నవాళ్ల దగ్గర కొనొద్దు.

ఇప్పుడు వాకిలి సంగతి. దుకాణంలో పైనుంచి పడే ఆ చిన్న చిన్న లైట్లు వజ్రం కోసమే పెట్టినవి. వాటి కింద గాజుపెంకు కూడా తళుక్కుమంటుంది. నగ చేతికివ్వగానే, "బయట వెలుగులో చూడొచ్చా" అని అడగండి. మర్యాదస్తులైన వ్యాపారులు సెక్యూరిటీ మనిషిని తోడిచ్చి గుమ్మం దగ్గరికి పంపుతారు, కాదంటే కిటికీ దగ్గరికైనా తీసుకెళ్తారు. ఎర్రటి ఎండలో చూడొద్దు, ఎండలో రాయి రంగురంగుల మిణుగురుల్లా చిమ్మి మిగతాదంతా నల్లబడుతుంది. నీడపట్టున, ఆకాశపు వెలుగులో చూడాలి. తర్వాత బల్ల కిందికి, చీకట్లోకి దించి చూడండి. మంచి సాన రాయి అక్కడ కూడా ఎక్కడో ఉన్న కాస్త వెలుగుని పట్టుకుని తిరిగి ఇస్తుంది. సాన లేని రాయి ఆరిపోతుంది. నేను నా ఉద్యోగంలో నేర్చుకున్న దాంట్లో సగం ఈ బల్ల కింది చూపే.

బయట చూస్తే ఇంకోటి తెలుస్తుంది. కొన్ని వజ్రాల్లో ఫ్లోరసెన్స్ ఉంటుంది, ఎండలో ఉండే అతినీలలోహిత కిరణాలకి నీలంగా వెలుగుతాయి. మన పెద్దవాళ్లు బ్లూజాగర్ అని పేరుపెట్టి ప్రాణం పెట్టింది అలాంటి నీలిఛాయ రాళ్లకే. దక్షిణాఫ్రికాలో జాగర్స్‌ఫాంటీన్ గని నుంచి వచ్చిన పేరు అది. కొంచెం ఫ్లోరసెన్స్ ఉంటే తప్పులేదు, పసుపు ఛాయని అణచిపెడుతుంది కూడా. మరీ ఎక్కువైన కొన్ని రాళ్లు మాత్రం ఎండలో పాలు కలిపినట్టు మసకబారతాయి. షాపు లోపల అది కనిపించదు.

బిల్లు దగ్గరికొద్దాం. ఇక్కడ కాస్త ఓపిగ్గా వినండి, ఎక్కువమంది నష్టపోయేది రాయి దగ్గర కాదు, ఇక్కడే.

బంగారం క్యారట్ స్వచ్ఛతకి, వజ్రం క్యారట్ బరువుకి. వజ్రం 1 క్యారట్ అంటే 200 మిల్లీగ్రాములు, గ్రాములో ఐదో వంతు. దాంట్లో నూరో వంతు సెంటు. నగ మొత్తం తూకం 30 గ్రాములుండి, అందులో వజ్రాలు 5 క్యారట్లు ఉన్నాయనుకోండి. వజ్రాల బరువు 1 గ్రాము. బంగారం 29 గ్రాములే. 30 గ్రాములకీ బంగారం ధర వేసి, మళ్లీ వజ్రాలకి వేరే ధర వేస్తే ఒక గ్రాముకి రెండుసార్లు కట్టినట్టు. దాని మీద తరుగు, దాని మీద పన్ను. కెంపులు, పచ్చలు కలిపి కట్టిన హారాల్లో ఈ తేడా ఇంకా పెద్దది. బిల్లులో గ్రాస్ వెయిట్, నెట్ వెయిట్ రెండూ విడివిడిగా ఉండాలి. మా దగ్గరి బంధువు ఒకావిడ హారం బిల్లు నాకు చూపించింది, నెట్ వెయిట్ గడి ఖాళీగా ఉంది. వెనక్కి వెళ్లి అడిగితే తప్పయిందని డబ్బు తిరిగిచ్చారు. అడక్కపోతే పోయినట్టే.

రెండోది, వజ్రాల నగలు ఎక్కువగా 18 క్యారట్ల బంగారంలో చేస్తారు. 22 క్యారట్లది మెత్తన, రాయిని పట్టుకున్న సన్నటి కాళ్లు వంగిపోయి రాయి జారిపోతుంది. అది సరైన పద్ధతే. కానీ 18 క్యారట్లలో బంగారం 75 శాతమే, 22లో 91.6 శాతం. కాబట్టి గ్రాము ధర కూడా 22 క్యారట్ల ధరకన్నా ఇంచుమించు 18 శాతం తక్కువ ఉండాలి. బిల్లులో ఏ ధర వేశారో చూడండి.

మూడోది సేదారం. ఇక్కడి తమిళ దుకాణాల్లో సెయ్‌కూలి, సేదారం అంటారు, మన మజూరీ, తరుగు. వజ్రాల నగలకి దీని మీద తగ్గింపు ఇచ్చామని గొప్పగా బోర్డు పెడతారు. తగ్గించినదంతా రాయి ధరలో కలిపేయడానికి అడ్డేమీ లేదు, బంగారానికైతే రోజూ రేటు పేపర్లో వస్తుంది, రాయికి రాదు. మొత్తం అంకె పట్టుకుని రెండు మూడు దుకాణాల్లో అదే సైజు, అదే గ్రేడుకి సరిపోల్చండి. చివరికి నగ విలువ మొత్తం మీద జీఎస్టీ 3 శాతం.

హాల్‌మార్క్ సంగతి. 2021 జూన్ నుంచి తప్పనిసరి చేయడం మొదలుపెట్టారు. 2023 ఏప్రిల్ 1 నుంచి అక్షరాలూ అంకెలూ కలిసి ఆరు ఉండే హెచ్‌యూఐడీ అనే గుర్తింపు సంఖ్య లేకుండా హాల్‌మార్క్ నగ అమ్మకూడదు. నగ మీద బీఐఎస్, అంటే కేంద్ర ప్రభుత్వ ప్రమాణాల సంస్థ గుర్తు, 18కె750 లాంటి స్వచ్ఛత, ఈ హెచ్‌యూఐడీ, మూడూ ఉండాలి. ఫోన్‌లో బీఐఎస్ కేర్ యాప్ పెట్టుకుని ఆ ఆరింటినీ కొడితే ఎవరు హాల్‌మార్క్ చేశారో, స్వచ్ఛత ఎంతో వస్తుంది. దుకాణంలో నిలబడే చూడొచ్చు. కానీ హాల్‌మార్క్ చెప్పేది బంగారం సంగతి ఒక్కటే. రాయి గురించి అది ఒక్క మాట కూడా చెప్పదు. "హాల్‌మార్క్ ఉందిగా" అని వజ్రాన్ని నమ్మినవాళ్లని చాలామందిని చూశాను.

రాయికి సాక్ష్యం ల్యాబ్ సర్టిఫికెట్. ఒంటిరాయైతే చాలావరకు దాని నడుము మీద సన్నగా లేజర్‌తో నంబరు చెక్కి ఉంటుంది. లూప్ అడిగి ఆ నంబరు చదివి, కాగితం మీద నంబరుతో కలిపి, ఆ ల్యాబ్ వెబ్‌సైట్‌లో కూడా కొట్టి చూడండి. సన్నరాళ్ల నగలకి మొత్తం నగకి కలిపి ఒక కాగితం ఇస్తారు, అందులో గ్రేడు అన్ని రాళ్లకీ కలిపి చెప్పింది. దుకాణంవాళ్లు తామే అచ్చేసుకుని ఇచ్చే కార్డుని సర్టిఫికెట్ అనుకోకండి.

ల్యాబ్ వజ్రాల గురించి చెప్పమని ముందే ఇద్దరు ముగ్గురు అడిగారు. అవి నకిలీవి కావు, వజ్రాలే. అదే కార్బన్, అదే గట్టిదనం, అదే మెరుపు. కొన్నిటిని విపరీతమైన ఒత్తిడి, వేడి పెట్టి పెంచుతారు. కొన్నిటిని వాయువులోంచి కార్బన్‌ని పలచటి వజ్రపు విత్తనం మీద పొరపొరగా పేర్చి పెంచుతారు. 2023 బడ్జెట్లో ప్రకటించాక మన ఐఐటీ మద్రాసులోనే దీని పరిశోధనకి కేంద్రం వచ్చింది, ఐదేళ్లకి 242.96 కోట్లు ఇచ్చారు. దుకాణంలో ఉండే పెన్నులాంటి టెస్టర్ వీటిని వజ్రమనే చూపిస్తుంది. కనిపెట్టాలంటే ల్యాబ్ యంత్రాలు కావాలి. మాయిసనైట్ వేరే పదార్థం, సిలికాన్ కార్బైడ్. వేడిని బట్టి చెప్పే టెస్టర్‌ని అది కూడా దాటేస్తుంది. లూప్‌తో పక్కనుంచి చూస్తే దాని వెనక అంచులు రెండేసిగా కనిపిస్తాయి, వజ్రంలో ఒక్కటే.

కొనొచ్చా అంటే, చెప్పి అమ్మితే హాయిగా కొనొచ్చు. కాలేజీకెళ్లే అమ్మాయికి పెద్దరాయి ముచ్చట తీరుతుంది. కానీ దాన్ని ఆస్తి అనుకోవద్దు. ఎంత కావాలంటే అంత పెంచగలిగిన రాయి కాబట్టి ధర ఏటేటా పడుతూ వచ్చింది. వజ్రాలకి గ్రేడ్లిచ్చే జీఐఏ ల్యాబ్ కూడా 2025లో వీటికి రంగు, క్లారిటీ అక్షరాలివ్వడం మానేసి ప్రీమియం, స్టాండర్డ్ అని రెండే పేర్లు పెట్టింది. బిల్లు మీద నేచురల్ అనో, ల్యాబ్ గ్రోన్ అనో స్పష్టంగా రాయించుకోండి. డైమండ్ అని ఊరికే రాస్తే ఒప్పుకోవద్దు.

భూమిలోంచి వచ్చిన వజ్రాన్ని కూడా బంగారంతో సమానంగా దాచుకునే సొత్తు అనుకోకండి. అమ్మబోతే కొన్న ధర రాదు. కొనే రోజే అడగండి: తిరిగి తీసుకుంటే రాయికి ఎంత శాతం ఇస్తారు, డబ్బిస్తారా, మార్పిడికేనా, ఆ రోజు ధర మీదా, కొన్న ధర మీదా? ఈ నాలుగూ బిల్లు వెనక రాయించి సంతకం పెట్టించండి. పెట్టుకుని తిరగడానికి కొనండి, కమ్మలు బీరువాలో పడి ఉంటే రవ్వ ఎవరికి కనిపిస్తుంది?

ప్రశ్నలున్నాయా? చెప్పమ్మా.

మా అత్తగారు వజ్రం పడుతుందో లేదో మూడు రోజులు ఇంట్లో పెట్టుకుని చూడమంటున్నారు అంటున్నావు కదూ. మా ఇంట్లో కూడా పెద్దవాళ్లు అలాగే చేసేవారు. దాన్ని నేను కొట్టిపారేయను. ఇక్కడి దుకాణాల్లో చాలామందికి ఈ అలవాటు తెలుసు, వెనక్కి తీసుకుంటామంటారు. ఎన్ని రోజుల్లోగా, ఎంత కోతతో అన్నది రాయించుకో. ఆ మూడు రోజులూ పొద్దున వాకిట్లో, మధ్యాహ్నం కిటికీ దగ్గర, రాత్రి వంటింట్లో లైటు కింద ఆ రాయిని చూడు. అత్తగారికి కావాల్సిందీ తెలుస్తుంది, నీకు కావాల్సిందీ తెలుస్తుంది.

ఆ వెనక పెద్దాయన, కమ్మలు కొన్న ఏడాదికే మెరుపు పోయిందంటున్నారు. రాయి మారలేదండీ. వజ్రానికి నూనె అంటే మహా ఇష్టం. గనుల్లో గ్రీజు పూసిన బల్లల మీద కంకర పారిస్తే మిగతా రాళ్లు కొట్టుకుపోతాయి, వజ్రాలు అంటుకుని నిలబడతాయి. మన ఆడవాళ్ల చెవుల దగ్గర కొబ్బరినూనె, పసుపు, సబ్బు అన్నీ ఉంటాయి. వెనకవైపు పేరుకుపోతే వెలుగు లోపలికి వెళ్లి తిరిగి రాదు. గోరువెచ్చటి నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ ఒక చుక్క వేసి అరగంట నానబెట్టి, మెత్తటి బ్రష్‌తో ముఖ్యంగా వెనకవైపు రుద్దండి. గిన్నెలో చేయండి, సింకులో వద్దు. వేరే నగలతో కలిపి డబ్బాలో వేయొద్దు, వజ్రం పక్కనున్న బంగారాన్నీ కెంపునీ గీసేస్తుంది, ఇంకో వజ్రాన్ని కూడా గీస్తుంది. ఏడాదికోసారి కాళ్లు గట్టిగా ఉన్నాయో లేదో ఆచారికి చూపించండి. చెవి దగ్గర పెట్టి మెల్లగా కదిపితే వదులైన రాయి టిక్ టిక్‌మంటుంది.

ఇంకెవరైనా? సరే. నగలు తెచ్చినవాళ్లు ఉన్నారని చెప్పారు. ఆ ఉత్తరపు కిటికీ దగ్గర బల్ల వేయించాను, లూప్ తెచ్చాను, తెల్ల కాగితం ఉంది. వెల చెప్పను, ఏం చూడాలో చూపిస్తాను. ఇప్పుడు మూడున్నర అయింది, ఈ వెలుగు ఐదు దాకా ఉంటుంది. వెనక మూసిన పాత కమ్మలు తెచ్చినవాళ్లు ముందు రండి.